లోకల్‌సెండ్ వాడి చూశాను: ఇంట్లో ఫైళ్లు పంపుకోవడానికి ఇది చాలు

నాన్నగారి షష్టిపూర్తి వీడియోలు, మొత్తం 38 జీబీ, హాల్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. ఎడిటింగ్ చేయాల్సింది నా ల్యాప్‌టాప్‌లో. రెండూ ఒకే రౌటర్ మీద ఉన్నా విండోస్ షేరింగ్‌తో (ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిచే సదుపాయం) మూడు రోజులు తిప్పలు పడ్డాను.

మొదట డెస్క్‌టాప్ అసలు కనిపించలేదు. దాంట్లో నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉంది, అలా ఉంటే ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) షేరింగ్‌ను రానివ్వదు. 'ప్రైవేట్' చేశాక కనిపించింది కానీ పాస్‌వర్డ్ అడిగింది. రోజూ లాగిన్‌కి వాడే పిన్ కొట్టి కొట్టి విసిగిపోయాను, తీరా చూస్తే పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పనిచేస్తుందట, ఇక్కడ అకౌంట్ అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. అది గుర్తులేక పాస్‌వర్డ్ అడగకుండా షేర్ చేద్దామనుకుంటే, విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి అలాంటి గెస్ట్ కనెక్షన్లు ఒప్పుకోవడం లేదు. భద్రత కోసమే చేశారు, తప్పు పట్టను, కానీ ఫంక్షన్ వీడియోల కోసం ఇంట్లో అందరూ అడుగుతుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో!

అప్పుడు మా తమ్ముడు లోకల్‌సెండ్ అనే యాప్ వేసుకోమన్నాడు. ఉచితం, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపిస్తుంది), ప్రకటనలు లేవు, అకౌంట్ అక్కర్లేదు, ఇంటర్నెట్ లేకపోయినా రౌటర్ ఆన్‌లో ఉంటే చాలు. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటికీ ఉంది. రెండు వైపులా తెరిచి, ఫోల్డర్ ఎంచుకుని, అవతలి పేరు నొక్కి, అక్కడ 'అంగీకరించు' అంటే పని మొదలైపోతుంది. వైఫైలో గంట పైనే పట్టింది. ఇంత పెద్ద ఫైళ్లు ఉంటే రెండిటికీ లాన్ కేబుల్ పెట్టుకోండి, నేను రెండోసారి అలాగే చేశాను, చాలా తొందరగా అయిపోయింది.

అమ్మ ఫోన్ మాత్రం లిస్టులో రాలేదు. యాప్ తప్పేమో అనుకున్నాను, కాదు, ఆ ఫోన్ గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం విడిగా పెట్టే వైఫై) ఉంది, చాలా రౌటర్లు గెస్ట్ వైఫైలో ఉన్నవాటిని ఇంట్లో మిగతా వాటితో కలవనివ్వవు. మెయిన్ వైఫైకి మార్చగానే కనిపించింది. మార్చినా కనిపించకపోతే ఫైర్‌వాల్‌లో 53317 పోర్టు (ఈ యాప్ వాడే దారి నంబరు) తెరిచి ఉందో లేదో చూడండి, లేదా అవతలి పరికరం ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికుండే నంబరు) యాప్‌లో చేత్తో కొట్టండి.

ఒక్క లోటు ఏమిటంటే ఇది షేర్డ్ ఫోల్డర్ కాదు, ప్రతిసారీ రెండు వైపులా యాప్ తెరిచి ఉంచి పంపాల్సిందే. రోజూ ఒకే ఫైలు మీద ఇద్దరు పనిచేసే ఇల్లయితే ఓపిక చేసుకుని విండోస్ షేరింగే సరిచేసుకోండి, అకౌంట్‌కి మంచి పాస్‌వర్డ్ పెట్టి. మాలా అప్పుడప్పుడు ఫొటోలు, వీడియోలు పంపుకునేవాళ్లకైతే నా ఓటు దీనికే, 5కి 4.5.