చెన్నై నుంచి గన్నవరం: అమ్మతో ఏటీఆర్ ప్రయాణం

మా అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. చెన్నై సైదాపేటలో మా ఇంటికి వచ్చి నెల రోజులు ఉండి, మళ్ళీ విజయవాడ పటమటకి వెళ్ళిపోతుంది. ఇన్నాళ్ళూ పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లోనే. రైలుని తప్పు పట్టను, కానీ ఏడు గంటలు కాళ్ళు కిందకి వేలాడేసుకుని కూర్చుంటే దిగేసరికి పాదాలు వాచిపోతాయి. అందుకే ఈసారి విజయవాడ ఎయిర్‌పోర్ట్ ఉన్న గన్నవరం దాకా ఏటీఆర్ అనే చిన్న విమానం.

రైలు దారి 431 కిలోమీటర్లు. గాలిలో తిన్నగా పోతే దాదాపు 400. మేము ఎగిరింది గంట సేపే. అయినా ఆ గంటని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి. ఇంట్లో పదకొండున్నరకి బయల్దేరితే పటమటలో గుమ్మం ఎక్కేసరికి నాలుగున్నర దాటింది. అంటే ఐదు గంటలు. అదే రైలైతే సెంట్రల్‌కి వెళ్ళడం, ముందుగా చేరుకోవడం అన్నీ కలిపి మాకు ఎనిమిదిన్నర పడుతుంది. సైదాపేట నుంచి ఎయిర్‌పోర్ట్‌కి మెట్రో నేరుగా ఉంది, లిఫ్ట్ ఉంది, ట్రాఫిక్ టెన్షన్ లేదు.

రెక్కల మీద ఫ్యాన్లున్న చిన్న విమానం అనగానే అమ్మ భయపడింది. నాకూ కొంచెం బెరుకుగానే ఉంది. కానీ ఏటీఆర్ నేలకి దగ్గరగా ఉంటుంది. వెనక తలుపుకే నాలుగైదు మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్. అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ తనంతట తనే ఎక్కింది. వరసకి ఇటు రెండు, అటు రెండు సీట్లే కాబట్టి మధ్యలో ఇరుక్కునే పని లేదు. వెనక సీట్లు తీసుకోండి, నడక తక్కువ, ఫ్యాన్ల హోరు కూడా కాస్త తక్కువ.

రెక్క పైన ఉంటుంది కనుక కిటికీకి ఏదీ అడ్డం రాదు. ఎడమవైపు కూర్చున్నాం. పులికాట్ నీళ్ళు, ఆ తర్వాత చాలాసేపు తీరం గీత, చివర్లో కృష్ణా డెల్టా పచ్చటి మళ్ళు. "మన వైపు వచ్చేశామే!" అని అమ్మ కిటికీకి ముఖం ఆనించేసింది. పినాకినిలో ఆవిడ ఎప్పుడూ బయటికి చూసిన గుర్తు లేదు, నొప్పితో కళ్ళు మూసుకునే ఉండేది.

బాధ పెట్టింది ఒక్కటే. వీల్‌చైర్ కావాలని టికెట్ తీసుకున్నప్పుడే చెప్పాను. అయినా ఎయిర్‌లైన్ వాళ్ళు చెన్నైలో పాతిక నిమిషాలు నిలబెట్టారు. డెబ్బై ఏళ్ళ మనిషిని అలా నిలబెట్టడం అన్యాయం, కౌంటర్‌లో ఆ మాట గట్టిగానే అన్నాను. మీరు వెళ్తే చెక్-ఇన్ మొదలవగానే చేరుకుని, కుర్చీ తెప్పించాకే సామాను అప్పగించండి.

పైన సామాన్ల అరలు ఇరుకు, పెద్ద ట్రాలీ పట్టదు. తిరుగు ప్రయాణంలో ఆవకాయ తెచ్చుకునేవాళ్ళు చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు. కవర్లలో బాగా చుట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయండి.