ఇండక్షన్ పొయ్యి కొనేవారికి హెచ్చరిక: పెట్టె మీద రాసిన 200 వాట్లు సన్న సెగ కాదు

మూడు వేల రూపాయల లోపు ధరలో ఇండక్షన్ పొయ్యి కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా పాలు కాచడానికీ, పరమాన్నం వండడానికీ, వెన్న కాచడానికీ దాన్ని వాడదలచినవారు, డబ్బు చెల్లించే ముందు ఈ అనుభవాన్ని చదవవలసిందిగా కోరుతున్నాను. సంక్రాంతికి ముందు గుంటూరులోని ఒక దుకాణంలో మేము అటువంటి పొయ్యి కొన్నాము. దాని పెట్టె మీద 200 నుంచి 2000 వాట్ల వరకు పది స్థాయులున్నాయని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. గ్యాసు పొయ్యిని సిమ్‌లో పెట్టినట్లే 200 వాట్ల మీద సన్న సెగ వస్తుందని నేను నమ్మాను. దుకాణంలో అడిగినప్పుడు కూడా అవుననే చెప్పారు.

పండుగ నాడు అమ్మ పరమాన్నాన్ని దాని మీదే పెట్టింది. బియ్యం పాలలో ఉడికిన తరువాత స్థాయిని 400 వాట్లకు తగ్గించి, పది నిమిషాల తరువాత గరిటె పెట్టి చూస్తే అడుగున గోధుమరంగు పొర అంటుకుని, మాడు వాసన వచ్చింది. బెల్లం ఇంకా వేయనే లేదు, కాబట్టి పాకం అంటుకుందని అనుకోవడానికి కూడా వీలు లేదు. తప్పు మా స్టీలు గిన్నెదేనేమోనని ఆ రోజుకు సర్దుకున్నాము.

అసలు సంగతి మరునాడు పాలు కాస్తున్నప్పుడు తెలిసింది. తక్కువ స్థాయిలో పెట్టిన పాల అంచు వెంట బుడగలు చకచకా లేచి, గిన్నె సన్నగా గుయ్యిమని మోగి, ఆరు సెకన్ల తరువాత ఆ మోత ఆగిపోయి బుడగలన్నీ అణిగిపోయేవి. మరో తొమ్మిది సెకన్లకు మళ్ళీ అదే తంతు. అనుమానం తీర్చుకోవడానికి ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, మీటరు మీద మెరిసే ఎర్ర దీపాన్ని గమనించాను. మా మీటరు ఒక యూనిట్‌కు 3200 సార్లు మెరుస్తుందని దాని మీదే రాసి ఉంది. పొయ్యి నిజంగా నిలకడగా 400 వాట్లే తీసుకుంటే ఆ దీపం సుమారు మూడు సెకన్లకు ఒకసారి మెరవాలి. కానీ అది దాదాపు సెకనుకు ఒకటి చొప్పున ఐదారు సార్లు వరుసగా మెరిసి, ఆ తరువాత తొమ్మిది సెకన్లు మెరవకుండా ఉండిపోయింది. అంటే ఆ ఆరు సెకన్లూ గిన్నె అడుగుకు తగిలింది సుమారు 1000 వాట్ల సెగ. సగటు లెక్క కట్టినప్పుడు మాత్రమే అది 400 అవుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తరువాత ఇంటికి వచ్చిన సర్వీసు మెకానిక్ వివరించారు. చౌక పొయ్యిలలో గిన్నెను వేడెక్కించే తీగచుట్టకు విద్యుత్తును వేగంగా ఇస్తూ ఆపుతూ ఉండే స్విచ్ ఒకటే ఉంటుంది. ఒక హద్దు కంటే తక్కువ శక్తితో నిలకడగా నడిపితే అది వేడెక్కి పాడవుతుంది. అందువల్ల తయారీదారులు ఆ హద్దు దగ్గర దాన్ని కొద్దిసేపు నడిపి, కొద్దిసేపు ఆపి, సగటును స్థాయిగా చూపిస్తారు. నీళ్ళు కాగడానికి, కుక్కరులో పప్పు ఉడకడానికి దీనివల్ల ఇబ్బందేమీ లేదు. పాలు, పరమాన్నం, చిక్కని గ్రేవీల వంటివి మాత్రం ఆ కొద్ది సెకన్లలోనే అడుగంటుతాయి. "అన్ని పీసులూ ఇంతేనండీ, ఇది లోపం కిందకు రాదు" అని ఆయన చెప్పారు. ఆయన మాట నిజమే కావచ్చు, కానీ ఆ నిజం పెట్టె మీద ఎక్కడా లేదు.

ఉష్ణోగ్రత మీటను నమ్మి ఇంకొకసారి మోసపోయాము. 60 నుంచి 240 డిగ్రీల వరకు ఉన్న ఆ అంకెలు గిన్నెలోని పదార్థం వేడిని చూపిస్తాయనుకోవడం పొరపాటు. వేడిని కొలిచే చిన్న సెన్సరు గాజు పలక కింద, తీగచుట్ట మధ్యలో ఉంటుంది. గిన్నె వేడి గాజులోంచి దిగి దానికి చేరాలి. అడుగు కాస్త పైకి వంగిన గిన్నెలో, అది గాజుకు మధ్యలో ఆనకపోవడం వల్ల, అసలు వేడికీ సెన్సరుకు తెలిసిన వేడికీ పొంతన ఉండదు. 120 డిగ్రీల మీద కాచిన వెన్న మాకు నల్లని నెయ్యిగా దిగింది. వెన్న పోయినందుకు కలిగిన బాధ ఒక ఎత్తు, అదే మూకుడులో కొద్దిపాటి నూనె ఉండి ఉంటే మంట లేచి ఉండేదన్న భయం మరొక ఎత్తు. అంకె ఎంత చూపించినా నూనె పెట్టి పక్కకు వెళ్ళవద్దు.

పాల బొమ్మ ఉన్న మీట గురించి ఎక్కువ చెప్పను. అది అరలీటరుకూ రెండు లీటర్లకూ తేడా తెలియకుండా ఒకే పద్ధతిలో నడుస్తుంది. ఒకసారి పాలు పొంగి స్పర్శ మీటల మీదకు పారాయి, తడి వల్ల ఏ మీటా పని చేయలేదు, చివరకు గోడ స్విచ్ ఆపవలసి వచ్చింది. కాబట్టి ఆ స్విచ్ చేతికి అందే చోట ఉండాలి. 2000 వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు కనుక, సాకెట్ 16 ఆంపియర్లదే అయి ఉండాలి; మొబైల్ చార్జర్లు పెట్టే చిన్న సాకెట్ కరిగిపోయే ప్రమాదం ఉంది.

దుకాణదారు మొదట గిన్నెలను తప్పుపట్టారు, తరువాత పది రోజుల వాపసు గడువు దాటిపోయిందన్నారు. అందువల్ల మీరు కొనేటప్పుడే వెడల్పు గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు పోయించి, బాగా మరిగిన తరువాత స్థాయిని అన్నిటికంటే కిందకు దించి, ఒక నిమిషం పాటు బుడగలను చూడండి, మోతను వినండి. బుడగలు ఆగి ఆగి లేస్తుంటే అది మా పొయ్యి వంటిదే. తక్కువ స్థాయిలో కూడా ఆగకుండా నడిచే రకాలు ఉన్నాయి, ధర ఎక్కువ. దుకాణంవారు పరీక్షకు ఒప్పుకోకపోతే, తక్కువ స్థాయిలో సెగ నిలకడగా ఉంటుందని బిల్లు మీద రాసి ఇమ్మనండి; రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్లే. ఇప్పటికే కొని ఇరుక్కున్నవారు అడుగు మందంగా, చదునుగా ఉన్న గిన్నె వాడితే ఆ మందం సెగ ఎగుడుదిగుళ్ళను కొంత మింగేస్తుంది, మాకు పాల వరకు అది పనికివచ్చింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, పెట్టె మీది రాతల ఫోటో, మీటరు వీడియో, బిల్లు జతపరిచి ఫిర్యాదు నమోదు చేశాను. ప్రస్తుతానికి మా ఇంట్లో ఆ పొయ్యి టీ నీళ్ళకూ కుక్కరుకూ పరిమితమైంది. పరమాన్నం మళ్ళీ గ్యాసు మీదకు, సిమ్ మీదకు వెళ్ళిపోయింది.