బాబాయి రోలీకార్డ్: చాలా ఏళ్ల వాడకం తరువాత

120 ఫిల్ము, పన్నెండు చతురస్రపు ఫోటోలు, తల వంచి పైనుంచి చూసే అద్దం వంటివి రోలీకార్డ్ వీబీ కెమెరా గురించి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఫిల్ము తిప్పకుండానే షట్టర్‌ను మళ్లీ బిగించుకోనిచ్చే, అంటే ఒకే ఫోటో మీద రెండుసార్లు తీయనిచ్చే చిన్న మీట ఒకటి ఇందులో ఉంది. నాకు ఈ కెమెరా మీద ఉన్న ప్రేమంతా దాని మీదే. మా బాబాయికీ అంతే.

బాబాయి సైన్యంలోని ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్లలో పనిచేశారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో, షకర్‌గఢ్ ప్రాంతంలో, బసంతర్ నది దగ్గర ట్యాంకులు దాటడానికి మందుపాతరలు ఏరి దారి చేసినవారిలో ఆయన ఒకరు. యూనిట్‌లో ఆటలపోటీలకూ వేడుకలకూ ఫోటోలు తీసే బాధ్యత కూడా ఆయనదే. ఆయన ఆల్బమ్‌లో ఆ రాత్రుల ఫోటో ఒక్కటీ లేదు. డిసెంబరు 17న కాల్పులు ఆగాక తీసినవే అన్నీ. వాటిలో ఒకదానిలో లంగరు (సైన్యపు వంటశాల) వంటవాడు పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటాడు, అతనికి రొట్టె వడ్డిస్తున్నదీ అతనే. వడ్డించే వంటవాడి ముఖంలో విసుగు, తినే వంటవాడి ముఖంలో అనుమానం. చుట్టూ ఉన్న జవాన్లను బాబాయి ఎంత నవ్వించి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఈ తమాషాకు కటకం ముందు నల్ల అట్టముక్కను సగానికి అడ్డుపెట్టి ఒకసారి నొక్కాలి, మీట జరిపి షట్టర్ మళ్లీ బిగించి, అట్టను రెండో సగానికి మార్చి ఇంకోసారి నొక్కాలి. చిక్కేమిటంటే, మనం చూసే కటకం పైది, బొమ్మ పడేది కింది దానిలోంచి. కాబట్టి అట్ట అంచు ఎక్కడ పడుతుందో అద్దంలో కనబడదు, చెయ్యి అలవాటు పడవలసిందే. ఎపర్చర్ (కటకంలో వెలుతురు వచ్చే రంధ్రం) తగ్గిస్తే రెండు సగాల మధ్య గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పూర్తిగా తెరిస్తేనే కలిసిపోతుంది. దీని జెనార్ కటకం పదునును నేను ఎన్నోసార్లు పొగిడాను గానీ, పూర్తిగా తెరిచిన 3.5 దగ్గర ఫోటో మూలలు మెత్తబడతాయన్న సంగతి ఈ ఫోటోలతోనే తెలిసింది.

నాకు మిగిలిన ఫిర్యాదు కెమెరా మీద కాదు, దాన్ని బాగుచేసినాయన మీద. షట్టర్ నెమ్మదిస్తోందని ఇస్తే, ఎండిన పాత జిడ్డును తుడవకుండానే దానిపై కొత్త నూనె వేసి ఇచ్చారు. అది షట్టర్ రేకుల మీదికి పాకింది. మా ఇంట్లో ఒక నిశ్చితార్థం నాటి ఉదయం మామయ్యగారిని రెండు కుర్చీల్లో కూర్చోబెట్టి తీస్తుండగా, మొదటి నొక్కుకే షట్టర్ తెరుచుకుని ఉండిపోయింది. అది గమనించక అట్ట మార్చి, ఆయనను రెండో కుర్చీలోకి రమ్మన్నాను. ఫిల్ము కడిగి చూస్తే ఆయన ఒక కుర్చీలోంచి మరో కుర్చీలోకి సాంబ్రాణి పొగలా సాగిపోయి ఉన్నారు. మామయ్యగారు ఇప్పటికీ ఆ ఫోటో ఎవరికీ చూపనివ్వరు. బాబాయి ఉండి ఉంటే దాన్నే పెద్దది చేయించి హాల్లో తగిలించేవారు.

తరువాత మరొకరు విప్పి శుభ్రం చేశాక ఇబ్బంది లేదు. కొనమని మాత్రం గట్టిగా చెప్పలేను. మా ఊళ్లో ఫిల్ము కడిగేవారు లేక పార్సిల్ పంపుతున్నాను. పైగా ఇది నాకు ఉచితంగా వచ్చింది, బాబాయి చేతుల మీదుగా వచ్చింది. డబ్బు పెట్టి కొనుక్కున్నవారికి ఆ మీట ఇంత ముద్దుగా అనిపించకపోవచ్చు.