హమ్‌ను ఆపిన చిన్న డబ్బా: మూడేళ్ల వాడకం తరువాత

టీవీకీ యాంప్లిఫయర్‌కూ మధ్య నేను పెట్టుకున్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడేళ్లు నిండాయి. అది అరచేతిలో ఇమిడే లోహపు డబ్బా. ఒక పక్క రెండు ఆర్‌సీఏ సాకెట్లు (ఆడియో కేబుళ్లు పెట్టే గుండ్రని సాకెట్లు), ఎదుటి పక్క మరో రెండు ఉంటాయి, దానికి స్విచ్చూ లేదు, కరెంటూ అక్కర్లేదు. ఇన్నాళ్ల అనుభవంతో చెప్పగలిగేది ఏమిటంటే, అది ఒకే ఒక జబ్బుకు మందు, కానీ ఆ జబ్బుకు మాత్రం తిరుగులేని మందు.

ఆ డబ్బా పెట్టకముందు, పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో స్పీకర్ల నుంచి తుమ్మెద రొదలాంటి హమ్ వినిపించేది, వాల్యూమ్ పెంచితే అదీ పెరిగేది. కేబుళ్లన్నీ పీకేసి ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పోగా, టీవీ వంతు రాగానే రొద మొదలైంది. టీవీ వెనుక ఉన్న యాంటెన్నా కేబుల్‌ను తీస్తే ఆగిపోయింది. ఆ కేబుల్ కొసను చేత్తో పట్టుకుని, దాని బయటి లోహపు అంచును మాత్రమే సాకెట్ అంచుకు ఆనించి చూశాను; లోపలి తీగ ఇంకా తగలకముందే హమ్ వచ్చేసింది. అంటే తప్పు సిగ్నల్‌ది కాదు, ఎర్త్‌ది.

ఆ కేబుల్‌కు ఎక్కడో బయట ఎర్త్ ఉంది, యాంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్ ద్వారా మరో ఎర్త్ ఉంది. ఆ రెంటి మధ్య వోల్టేజీలో కొద్దిపాటి తేడా ఉన్నా చాలు, ఆర్‌సీఏ కేబుల్ పైతొడుగు గుండా కరెంటు పారుతుంది; సిగ్నల్ తిరిగి వెళ్లే దారి కూడా అదే కనుక, దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్ రొద, దాని రెట్టింపులతో సహా, పాటలో కలిసిపోతుంది. డబ్బాలోని రెండు తీగచుట్లకు ఒకదానితో ఒకటి లోహసంబంధం ఉండదు. పాట అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, ఎర్త్ కరెంటుకు దారి ఉండదు. పెట్టిన క్షణంలోనే హమ్ పోయింది, మళ్లీ ఇంతవరకు రాలేదు.

అయితే నేను మొదట కొన్న డబ్బా ఇది కాదు. తేలికగా ఉన్న ఆ మొదటిదానిలో గట్టిగా పెట్టినప్పుడు లోతైన బేస్ స్వరాలు ముద్దగా వినిపించేవి, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ అదే వోల్టేజీకి కోర్ (తీగలు చుట్టిన లోహపు దిమ్మ) మీద భారం పెరుగుతుంది, చిన్న కోర్ దాన్ని మోయలేదు. ఇప్పటిది చేతిలోకి తీసుకుంటేనే బరువు తెలుస్తుంది, అందులో ఆ లోపం లేదు. కొనేవారు 20 హెర్ట్జ్ దగ్గర, 2 వోల్టుల సిగ్నల్‌కు డిస్టార్షన్ (శబ్దం ఎంత చెడుతుందనే కొలత) ఎంతో తప్పక చూడాలి.

ఛార్జర్ పెట్టినప్పుడు మాత్రమే ల్యాప్‌టాప్ నుంచి వచ్చే కీచుశబ్దాన్నీ ఇది ఆపింది. లైటు డిమ్మర్ వల్ల వచ్చే జిర్రుమనే చప్పుడును మాత్రం ఏమీ చేయలేకపోయింది. రికార్డులు వాయించే టర్న్‌టేబుల్‌కు పెట్టి చూస్తే హమ్ తగ్గకపోగా పెరిగింది. దాని సూది ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులే; దాన్ని పెంచే ఫోనో సర్క్యూట్ 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ను మరో 17 డెసిబెల్స్ ఎత్తుతుంది కనుక, పక్కనున్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి డబ్బా పట్టుకునే కొంచెం రొదే అక్కడ పెద్దదైపోతుంది. అక్కడ అసలు లోపం సన్నని ఎర్త్ తీగ స్క్రూ వదులవడం, బిగిస్తే సరిపోయింది.

హమ్ పోవడానికి ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవారున్నారు. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున యాంప్లిఫయర్ లోహపు తొడుగు మీదికి పూర్తి వోల్టేజీ రావచ్చు, ముట్టుకున్నవారి ప్రాణం పోవచ్చు.

ఈ మూడేళ్లలో ఒక్కసారి సాకెట్‌కు మురికి పట్టి ఒక ఛానెల్ ఆగిఆగి వచ్చింది, ప్లగ్‌ను అటూఇటూ తిప్పితే బాగైంది. ఈరోజు మళ్లీ కొనవలసి వస్తే మాత్రం ముందు యాంటెన్నా కేబుల్‌కే ఐసొలేటర్ (ఎర్త్ దారిని తెంచే చిన్న పరికరం) పెడతాను, ఎందుకంటే అప్పుడు పాట దారిలో ఏ ట్రాన్స్‌ఫార్మరూ ఉండదు. డిష్ ఉన్న ఇళ్లలో అది కుదరదు. డిష్‌కు కరెంటు ఆ కేబుల్ గుండానే వెళ్లాలి కాబట్టి అక్కడ ఈ డబ్బానే పెట్టుకోవాలి.