మెట్ట చెల్కలో చిన్న ఇల్లు: ఏ పేరు మేలు?

దేవరకొండ పక్కన మూడెకరాల ఎర్ర చెల్క. అందులో రెండు గదుల రేకుల ఇల్లు, ఒక పాత బాయి, ఒక బోరు, బర్రెల కొట్టం, ఒడ్డు మీద జమ్మి చెట్టు. దీనికి ఏం పేరు పెట్టాలన్నది దసరా నుంచి మా ఇంట్లో తెగని పంచాయితీ. నాయిన తన తల్లి పేరు పెట్టాలంటాడు. మరదలు నందనవనం అంటుంది. తమ్ముడికి చెలమ అన్న పేరు నచ్చింది. చుట్టాలేమో దేవుడి పేరుండగా వేరే పేరెందుకని అడుగుతున్నారు. నా మనసు మాత్రం జమ్మిచెల్క మీదే ఉంది. ఎందుకో చెప్తాను.

ఏ పేరు పెట్టినా పట్టాదారు పాస్‌బుక్‌లో ఉండేది సర్వే నంబరే. భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినా అంతే. కాబట్టి పేరు అవసరం కాగితం మీద కాదు, నోటి మీద. "ఏడున్నవ్?" అని ఫోన్లో అడిగితే "ఫలానా కాడ" అని చెప్పడానికి. బోరు మోటరు కాలితే మెకానిక్‌కు దారి చెప్పడానికి. బత్తాయి కొనే వ్యాపారి డ్రైవరుకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి. నేను ప్రతి పేరునూ మొదట ఇక్కడే పరీక్షిస్తున్నాను.

దేవుడి పేరు సంగతి తొందరగానే తేలింది. యాదగిరి నర్సన్న మా ఇలవేల్పు. కానీ లక్ష్మీనరసింహ పేరుతో మా చుట్టుపక్కల కిరాణా దుకాణం ఉంది, రైస్ మిల్లు ఉంది, ఆటో స్టాండు ఉంది. పదిమందికి ఉన్న పేరుతో మా ఇల్లు ఎవరికీ దొరకదు. పైగా ఆ పేరు బత్తాయి ట్రేల మీద, బస్తాల మీద రాస్తే వాటిని కాళ్ల కింద పడేస్తారు. అది చూడలేను. దేవుడికి ఇంట్లో పటం ఉంది, అక్కడ దండం పెట్టుకుంటాం.

నందనవనం వినడానికి బాగుంటుందని ఒప్పుకుంటాను. పెళ్లి పత్రికలో వేసినా బాగుంటుంది. అయితే సాగర్ రోడ్డు మీద, శ్రీశైలం రోడ్డు మీద ప్లాట్ల వెంచర్ల బోర్డులన్నీ ఇలాంటి పేర్లతోనే నిండిపోయాయి. ఆ పేరు వినగానే మనిషి అడిగే మొదటి మాట "గజం ఎంత?" అని. అమ్ముకునే ఉద్దేశం లేని భూమికి అది ఎందుకు? ఇంకో సంగతి, మాకు పడే వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే పడిపోతుంది. ఏప్రిల్‌లో వచ్చిన చుట్టానికి ఎర్ర దుబ్బ, ఎండిన గడ్డి, దూరంగా రాళ్ల గుట్ట కనిపిస్తాయి. ఈ నేలను ఉన్నది ఉన్నట్టు ఇష్టపడే పేరు కావాలి, దాని మీద పరదా కప్పే పేరు కాదు.

నాయనమ్మ పేరు దగ్గర మాత్రం నేను చాలా రోజులు ఆగిపోయాను. ఈ చెల్కలో రాళ్లు ఏరి ఒడ్డు పెట్టింది ఆమె. కంది, ఆముదం వేసి నలుగురు పిల్లలను సాకింది. రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో పొలంలోనే కట్టుకున్న నివాసాలను ధాణీ అంటారు. చాలా ధాణీలకు ఆ ఇంటి పెద్ద పేరో, వంశం పేరో ఉంటుంది. అక్కడ కుటుంబమంతా ఆ పొలంలోనే బతుకుతుంది కాబట్టి పేరూ మనుషులూ ఒకచోటే ఉంటారు. మాకు అలా లేదు. నాయనమ్మ మాకు ఎంతో, పెదనాయిన పిల్లలకూ అంతే. ఆమె పేరు మా వాటా గేటుకు తగిలిస్తే వాళ్ల మనసు నొచ్చుకోదా? రేపు ఈ మూడెకరాలూ పంచుకుంటే ఆ పేరు ఎవరి భాగానికి పోతుంది? మా ఊళ్లలో మనుషుల పేర్లు ఎప్పుడూ బాయిలకు ఉన్నాయి. పటేల్ బాయి, ఫలానా అవ్వ బాయి అనే పిలుస్తారు. ఆమె చేద తోడిన ఆ పాత బాయికే ఆమె పేరు ఉండాలని నాయినతో చెప్పాను. బాయి నీళ్లకు పెదనాయిన వాళ్లకూ హక్కుంది, కాబట్టి పేరులోనూ వాళ్లకు పాలుంటుంది.

చెలమ నాకు చాలా ఇష్టమైన పేరు. ఎండాకాలం డిండి వాగు ఎండితే ఆడవాళ్లు ఇసుకను చేతులతో తోడేవాళ్లు. మోచెయ్యి లోతుకు పోయాక అడుగున తడి కనిపించేది. మొదట వచ్చిన బురద నీళ్లు చిప్పతో ఎత్తిపోసి, తేట ఊరే దాకా గట్టున కూర్చుని కబుర్లు చెప్పుకొనేవాళ్లు. తర్వాత చిప్పతో ముంచి బిందె నింపేవాళ్లు. ఎడారి జనానికీ నీటి పేరు మీద మక్కువే. బికనేర్ వైపు లూణ్‌కరణ్‌సర్ లాగా 'సర్' చివరనున్న ఊళ్లు ఎన్నో, ఆ సర్ అంటే చెరువే. అయితే చెలమ ఉన్నది వాగులో, మా చెల్కలో కాదు. మాకున్నది బోరు. నల్లగొండ జిల్లాలో బోరును నమ్మి పేరు పెట్టడానికి నాకు ధైర్యం చాలదు. బోరు ఎండిన ఏడాది ఆ పేరు పిలవడానికి నోరు రాదు.

ఇక జమ్మి. ఊరి జనం ఇప్పటికే మా భూమిని "జమ్మికాడి చెల్క" అంటున్నారు. దసరా నాడు ఊరంతా అక్కడికి వచ్చి ఆకు తెంపుకొని, బంగారం అని చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కుతుంది. పేరు మనం కొత్తగా పెట్టక్కర్లేదు, ఉన్నదాన్ని ఒప్పుకుంటే చాలు. మా దగ్గరి చింతపల్లి, మర్రిగూడ మండలాల పేర్లలోనూ చెట్లున్నాయి.

జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా అదే, అక్కడ ఖేజ్రీ అంటారు. వేర్లు చాలా లోతుకు పోతాయి కాబట్టి మిగతా చెట్లు మోడుబారిన ఎండలోనూ దానికి కొత్త చిగురు వస్తుంది. జైసల్మేర్ వైపు ఏడాదంతా కలిపి సగటున 200 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే చోట కూడా అది నిలబడి మేకలకు మేత ఇస్తుంది. దాని కిందే సజ్జ పండిస్తారు. మా దగ్గర కూడా చెట్టు మొదలు దాకా కంది సాళ్లు పోతాయి, కాపు తగ్గదు. జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే ఊరికి ఆ చెట్టు పేరే వచ్చింది. 1730లో రాజు మనుషులు అక్కడ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే ఆమె వెంట బిష్ణోయీ సమాజం వాళ్లు వాటిని కావలించుకొని నిలబడ్డారు. 363 మంది ప్రాణాలిచ్చారు. అలాంటి చెట్టు మా ఒడ్డు మీద ఉండగా వేరే పేరు వెతకడం నాకు సరిగా తోచడం లేదు.

దీనికీ ఒక చిక్కుంది. చెట్టు సరిగ్గా హద్దు ఒడ్డు మీద ఉంది, పక్క రైతుకూ అందులో సగం మాట చెల్లుతుంది. ఆయనను అడగకుండా బోర్డు పెట్టకూడదు. అడిగాం, సంతోషంగా సరేనన్నాడు.

జమ్మివనం అందామని మరదలు మధ్యేమార్గం చెప్పింది. ఉన్నది ఒక్క చెట్టు, వనం అంటే అబద్ధమవుతుంది. శమీ ఫార్మ్స్ అంటే ఊళ్లో ఎవరి నోరూ తిరగదు. జమ్మిచెల్క అంటే మెకానిక్‌కు రెండోసారి చెప్పక్కర్లేదు.

ఫ్లెక్సీ ఎండకు తొందరగా వెలిసిపోతుంది కాబట్టి షాబాద్ బండ మీద చెక్కిద్దాం అనుకుంటున్నాం. గేటు దగ్గర ఒకటి, బాయి గట్టుకు నాయనమ్మ పేరుతో ఇంకోటి. నాయిన బాయి బండకు ఒప్పుకున్నాడు, అక్షరాలు తనే రాసిస్తానన్నాడు. మరదలిని ఒప్పించే పని ఇంకా ఉంది.