తిరుపతి నుంచి సైలెంట్ వ్యాలీ వర్షారణ్యానికి: ఏది బాగుంది, ఏది బాగాలేదు

కేరళలోని సైలెంట్ వ్యాలీకి వెళ్దామనుకునే మన తిరుపతి, చిత్తూరు వాళ్లకు జంతువుల కంటే ముందు గైడ్ గురించి చెప్పాలి. బండీపూర్‌లోనో కబినిలోనో సఫారీ చేసి వచ్చినవాళ్లు అదే ఊహతో ఇక్కడికి వస్తే నిరాశపడతారు. అక్కడ ఆకు రాల్చే అడవి, చెట్ల మధ్య ఖాళీ ఉంటుంది, నీటి గుంటల దగ్గర జింకల మందలు కనిపిస్తాయి. ఇది వర్షారణ్యం. ఏడాది పొడవునా పచ్చగా ఉండే పెద్ద చెట్లు పైన కొమ్మలు కలుపుకుని ఉంటాయి, కింద వెలుతురు తక్కువ, వెలుతురు లేక గడ్డి తక్కువ, గడ్డి లేనిచోట మందలు ఎక్కడ ఉంటాయి? ఉన్న జీవాల్లో చాలా భాగం ఎక్కడో పైన కొమ్మల్లో తిరుగుతుంటాయి. పది గజాల అవతల ఏనుగు నిలబడినా మన కంటికి ఆనదు, పక్కనున్న గైడ్ చెవికి మాత్రం తెలిసిపోతుంది. అందుకే ఈ యాత్ర బాగుండటం, బాగోకపోవడం అంతా ఆ మనిషి మీదే ఉంది.

సంక్రాంతి సెలవుల చివర్లో అమ్మ, అక్క, బావ, వాళ్ల అబ్బాయి, నేను కలిసి వెళ్లాం. బయలుదేరే ముందు తిరుపతిలోనే ఒక ట్రావెల్స్ ఆఫీసులో విచారించాను. కారు, రిసార్టు, సఫారీ అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పి, "పులి గ్యారంటీ సార్, కనపడకుండా ఎవరూ వెనక్కి రారు" అన్నాడు అక్కడి కుర్రాడు. సైలెంట్ వ్యాలీలో పులులు ఉన్న మాట నిజమే, కానీ ఆ అడవిలో పులి గ్యారంటీ అని చెప్పేవాడికి ఆ అడవి తెలియదని అర్థం. డబ్బులు కట్టకుండా లేచి వచ్చేశాను. మీకు కూడా ఎవరైనా అలా మాటిస్తే అక్కడితో ఆపేయండి. ఈ పార్కులో ప్రైవేటు బండ్లను లోపలికి రానివ్వరు, ముక్కాలిలో ఉన్న అటవీ శాఖ ఆఫీసులో టికెట్ తీసుకుని, వాళ్లు పంపే జీపులో, వాళ్ల గైడ్‌తోనే వెళ్లాలి. మధ్యలో ఏజెంటు ఉన్నా లేకపోయినా మీరు ఎక్కేది ఆ జీపే.

రైలు విషయంలో మనవాళ్లు అదృష్టవంతులు. శబరి ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్ రెండూ తిరుపతి, చిత్తూరు, కాట్పాడి మీదుగానే పాలక్కాడ్ వెళ్తాయి, మధ్యలో మారే పని లేదు. అయ్యప్ప మాలల సీజన్‌లో మాత్రం బెర్తులు దొరకడం కష్టం, మకరజ్యోతి అయ్యాక కాస్త నయం. పాలక్కాడ్ నుంచి మన్నార్‌కాడ్‌కు బస్సులున్నాయి, అక్కడి నుంచి అట్టప్పాడి ఘాట్ ఎక్కి ముక్కాలిలో దిగాలి. తిరుమలకు ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి ఉండటం మనకు అలవాటు కదా, ఇక్కడ ఒకే ఇరుకు రోడ్డులో బస్సులు ఎదురెదురుగా వస్తాయి. అక్క ఆ మలుపుల్లో కళ్లు మూసుకునే కూర్చుంది. వాంతులయ్యేవాళ్లు మాత్ర వేసుకోవడం మంచిది.

బస గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మాకు ఎక్కువ తేడా తెలిసింది అక్కడే. మొదటి రాత్రి ఒక ప్రైవేటు హోమ్‌స్టేలో ఉన్నాం. ఫొటోల్లో చూపించిన గదులు నిజంగానే ఉన్నాయి, పరుపులు బాగున్నాయి, టిఫిన్‌కు పెట్టిన పుట్టు, శనగల కూర అమ్మకు కూడా నచ్చాయి. కానీ చీకటి పడగానే ముందు ఖాళీ స్థలంలో మంట వేసి, స్పీకర్లు పెట్టి, అర్ధరాత్రి దాకా పాటలు. అడవి అంచున ఉన్న ఇల్లు అది. రాత్రి వినిపించాల్సిన గుడ్లగూబ, కప్పలు, కీచురాళ్లు ఏవీ వినపడలేదు, వాటికి ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. బావ వెళ్లి మర్యాదగానే అడిగాడు, కాస్త తగ్గించి మళ్లీ పెంచారు. ఇంత దూరం వచ్చి ఊళ్లో పెళ్లిపందిరి పక్కన పడుకున్నట్టు పడుకోవాల్సి వచ్చిందని నాకు నిజంగా బాధేసింది.

ఆ తర్వాత ముక్కాలిలో అటవీ శాఖ వాళ్ల గదికి మారాం. గదులు కొన్నే ఉంటాయి కాబట్టి ముందే మాట్లాడి పెట్టుకోవాలి. టీవీ లేదు, ఏసీ లేదు, జనవరిలో ఆ చలికి ఏసీతో పని కూడా లేదు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున బకెట్‌తో వేణ్ణీళ్లు ఇచ్చారు, భోజనం ఏం కావాలో సాయంత్రమే చెప్పాలి. లావు బియ్యం అన్నం, కొబ్బరి నూనె తాలింపు పడనివాళ్లకు ఇబ్బందే. మేం చింతకాయ తొక్కు, కందిపొడి తీసుకెళ్లాం కాబట్టి సరిపోయింది. రాత్రి దగ్గర్లో భవానీ నది నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సౌకర్యాల లెక్కలో హోమ్‌స్టే ఎక్కువ, మనం వెళ్లిన పనికి మాత్రం ఈ గదే సరైనది.

పొద్దున ఎనిమిదికల్లా ఆఫీసు దగ్గర ఉండటం మంచిది. ఎండ ఎక్కేకొద్దీ జంతువులు కదలడం తగ్గుతుంది, మధ్యాహ్నం దాటాక లోపలికి పంపరు కూడా. జీపుకు, గైడ్‌కు, మనిషికి ఇంతని విడివిడిగా రుసుములుంటాయి, అన్నిటికీ రసీదు ఇస్తారు. ముక్కాలి నుంచి సైరంధ్రి అనే చోటుకు 23 కిలోమీటర్లు, రోడ్డు గతుకులు, నడుము నొప్పి ఉన్నవాళ్లు వెనక సీటులో కూర్చోవద్దు.

మాకు వచ్చిన గైడ్ అట్టప్పాడి గిరిజన గూడెం మనిషి. ఇరుళర్లు, ముడుగర్లు, కురుంబర్లు అక్కడి మూలవాసులు, అడవి కాపలా పనుల్లో, గైడ్ పనుల్లో వాళ్లలో చాలామంది ఉన్నారు. ఆయనకు మలయాళం, తమిళం వచ్చు, ఇంగ్లీషు కొద్దిగా. మా అమ్మ పుట్టిల్లు నగరి దగ్గర, ఆమెకు తమిళం తెలుగంత సులువు, దాంతో ఆ పూటంతా అమ్మే మాకు దుబాసీ. మన జిల్లాలో తమిళం వచ్చినవాళ్లు ఇంటికొకరైనా ఉంటారు కదా, వాళ్లను ముందు సీటులో కూర్చోబెట్టండి. ఇంగ్లీషులో అడిగితే ఆయన జంతువు పేరు చెప్పి ఊరుకునేవాడు, అమ్మ తమిళంలో "ఏం నాయనా, ఇక్కడెందుకు ఆపావు?" అంటే కథంతా చెప్పేవాడు.

ఒక మలుపులో జీపు ఆపించి కిందికి చూడమన్నాడు. రోడ్డు పక్కన రాలిన పూలు, కొన్ని సగం కొరికి వదిలేసినవి. ఆ చెట్టును వాళ్లు వెడిప్లావు అంటారు, శాస్త్రీయంగా కల్లెనియా. పూలు కొమ్మలకే గుత్తులుగా పూస్తాయి, తర్వాత ముళ్ల కాయలు కాస్తాయి. సింహవాలపు కోతికి అదే ముఖ్యమైన తిండి. ఈ కోతి పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర కుచ్చు. కొరికిన పూలు వాడిపోలేదు కాబట్టి గుంపు ఇక్కడే ఉందని ఇంజన్ ఆపేయించాడు. చాలాసేపు ఏమీ లేదు. మా అక్క కొడుకు "మామా, వెళ్దామా" అని గొణగడం మొదలుపెట్టాడు. గైడ్ వేలు పెదాల మీద పెట్టుకుని ఊరుకోమన్నాడు. తర్వాత పైన ఒక కొమ్మ ఊగింది, ఇంకో కొమ్మ ఊగింది, ఒకటొకటిగా ఆ గుంపు మా తల మీదుగా రోడ్డు దాటింది, పొట్టకు పిల్లను కరుచుకున్న తల్లి కూడా. వాళ్ల అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు పిల్లాడు. మాకంటే ముందు వెళ్లిన జీపు వాళ్లు అక్కడ ఆగలేదట, పైన కలిసినప్పుడు "కోతులేమీ కనపడలేదే" అన్నారు.

ఇంకా ఏం చూశామంటే, నీలగిరి కొండముచ్చులు, మలబారు బెట్టుడుత, ఒక పెద్ద హార్న్‌బిల్, దాని రెక్కల చప్పుడు పక్షి కంటే ముందే వచ్చింది. ఏనుగు కనిపించలేదు, తాజా పేడ కనిపించింది, అంతవరకు నవ్వుతూ ఉన్న గైడ్ అక్కడి నుంచి కాసేపు మాట్లాడనివ్వలేదు.

సైరంధ్రిలో దాదాపు 30 మీటర్ల ఎత్తు వాచ్ టవర్ ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కకపోయినా నష్టం లేదు, ఎక్కగలిగితే మాత్రం లోయంతా ఒకేసారి కనిపిస్తుంది, అడుగున కుంతిపుళ నది. పాండవులు ఈ అడవిలో ఉన్నారని స్థానికుల నమ్మకం, అందుకే నదికి కుంతి పేరు, ఈ చోటుకు ద్రౌపది అజ్ఞాతవాసపు పేరు. అమ్మకు ఇది ఎంత నచ్చిందంటే విరాటుడి కొలువు కథ మొత్తం గైడ్‌కు తమిళంలో తిరిగి చెప్పింది.

1970లలో ఈ నది మీదే, ఈ సైరంధ్రి దగ్గరే కేరళ విద్యుత్ బోర్డు జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలనుకుంది. కట్టి ఉంటే మేం నిలబడి చూసిన లోయ అడుగున ఉన్న అడవి నీళ్ల కింద ఉండేది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఊరూరా తిరిగి ప్రచారం చేసింది, కవయిత్రి సుగతకుమారి లాంటివాళ్లు ముందు నిలబడ్డారు, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వద్దని విజ్ఞప్తి చేశారు. ఇందిరా గాంధీ ప్రభుత్వం చివరికి ప్రాజెక్టును ఆపించింది, 1984లో జాతీయ పార్కుగా ప్రకటించారు, 1985లో రాజీవ్ గాంధీ ప్రారంభించారు. ఆనకట్ట ఎక్కడ రావాల్సిందో గైడ్ చేత్తో చూపించాడు. కరెంటు వద్దనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, అయినా అంతమంది ఒక అడవి కోసం పట్టుబట్టారంటే నాకు వాళ్ల మీద చాలా గౌరవం కలిగింది. నది దాకా నడక అనుమతి ఉన్న రోజుల్లో తప్పకుండా దిగండి, ఒకటిన్నర కిలోమీటరు. తిరిగి ఎక్కేటప్పుడు అమ్మ రెండుమూడు చోట్ల కూర్చుంది, గైడ్ విసుక్కోలేదు.

కాలం గురించి: డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానల్లో జలగలు విపరీతం, కాళ్లకు జలగ మేజోళ్లు లేకుండా నడవలేరు. ఎర్రవి, మెరిసేవి కాకుండా మట్టిరంగు బట్టలు, గొడుగు కంటే రెయిన్‌కోటు, ఉంటే బైనాక్యులర్ తీసుకెళ్లండి. సెంటు పూసుకోవద్దు.

ఇక మన తలకోన. సైలెంట్ వ్యాలీ చూసి వచ్చాక నాకు తలకోన ఎక్కువ గుర్తొచ్చింది. అది వర్షారణ్యం కాదు, మనకు వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, శేషాచలం చాలావరకు ఎండకు ఓర్చుకునే అడవి. కానీ తలకోన లోయలో నీడ, తడి, గిల్లతీగలు, 270 అడుగుల జలపాతం, దేవాంగపిల్లి, బెట్టుడుత, రాతి పగుళ్లలో బంగారు బల్లి, ఇవన్నీ తిరుపతికి గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్నాయి. 2010లో శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం చెట్టు ఈ చుట్టుపక్కల కొండల సొంతం. అయినా మనవాళ్లు తలకోన వెళ్తే సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టి, నీళ్లలో మునిగి, బిర్యానీ తిని, కవర్లు అక్కడే పడేసి వస్తారు. చూపించేవాడు లేక చూడటం లేదు.

ఒకసారి నేరబైలు వైపు నుంచి, అడవిలో వాచర్‌గా చేసిన ఒక యానాది పెద్దాయనను బతిమాలి వెంట తీసుకెళ్లాం. రోజూ జనం చెప్పులతో తొక్కే దారి పక్కనే ఒక రాతి సందులో బంగారు బల్లిని చూపించాడాయన. గిల్లతీగ ఏ చెట్టు దగ్గర మొదలై ఎన్ని చెట్లు దాటి వెళ్లిందో వెంట నడిపించి చూపించాడు. అట్టప్పాడి గైడ్‌కు ఏ విధంగానూ తక్కువ కాదు. కానీ అక్కడ ఆయనకు యూనిఫాం ఉంది, రసీదు పుస్తకం ఉంది, గైడ్ లేకుండా ఎవరూ లోపలికి పోకూడదన్న నియమం ఉంది. తలకోనలో కూడా గేటు దగ్గర టికెట్‌తో పాటు ఒక స్థానిక గైడ్‌ను తప్పనిసరి చేస్తే, అదనంగా కట్టడానికి నాకేమీ బాధ లేదు, ఆ డబ్బు అలాంటి పెద్దాయనలకు అందుతుంది. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత చిన్నపాపను పొట్టన పెట్టుకున్నాక మన ఊళ్లో అడవి అంటే భయం పెరిగింది, అది సహజం. తెలిసిన మనిషి వెంట ఉంటే ఎక్కడ మాట్లాడకూడదో, ఏ వేళకు తిరిగి రావాలో పిల్లలకు కూడా తెలుస్తుంది.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు చూడొచ్చా అని బావ అడుగుతున్నాడు. అక్కడ రైతులు రాత్రుళ్లు పంట కాపలాకు మేలుకుని ఉంటారు, ఏనుగుల వెంట జీపుల్లో తిరగడం వాళ్ల కష్టాన్ని పెంచుతుందని నా అభిప్రాయం, అందుకే వద్దన్నాను.

పెద్దవాళ్లతో వెళ్లేవారు, వీలైతే అటవీ శాఖ గదిలో రెండు రాత్రులు పెట్టుకుని, సఫారీని రెండో రోజు పొద్దునకు ఉంచుకోండి. ప్రయాణ బడలికతో అదే రోజు జీపెక్కితే గతుకులకే ఓపిక అయిపోతుంది. పదేళ్ల లోపు పిల్లలుంటే, చప్పుడు చేయకుండా ఎంతసేపు కూర్చోగలరో ముందు తలకోనలో చూసుకుని అప్పుడు బయలుదేరండి. గైడ్ బాగా చూపిస్తే ఆయన పేరు రాసి ముక్కాలి ఆఫీసు పుస్తకంలో నాలుగు మాటలు తప్పకుండా రాయండి, మేం తెలుగులో కూడా రాసి వచ్చాం.