ఇటుక రంగు నెత్తి పిచ్చుక కోసం కొన్న 8×42 బైనాక్యులర్

పోయిన చలికాలం నంద్యాల జిల్లా మిడ్తూరు పక్క జొన్నచేన్లో ఊరపిచ్చుకల గుంపులో ఒకటి తేడాగా కనపడింది, నెత్తంతా ఇటుక రంగు. సరిగ్గా చూసేలోపే గుంపు లేచిపోయింది. అదేందో తేల్చుకోలేక ఏడాదంతా మనసులో అదే, అందుకే ఈ బైనాక్యులర్ తీసుకున్నా. నాలుగు నెలలు వాడినాక రాస్తున్నా.

మొదట వచ్చిన పీస్ బాలేదు. రెండు కళ్ళకీ కనపడే బొమ్మలు ఒకదాని మీద ఒకటి కూర్చోవడం లేదు, పది నిమిషాలు చూస్తే తలనొప్పి. రిటర్న్ పెడితే పన్నెండు రోజులు తిప్పినారు, చాలా కోపమొచ్చింది. మార్చి ఇచ్చింది మాత్రం బాగుంది. డబ్బా విప్పిన రోజే దూరంగా కరెంటు తీగ చూడండి, తీగ రెండుగా కనపడితే ఉంచుకోవద్దు.

8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా, 42 అంటే ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. చాలామంది 10 రెట్లదే తీసుకోమంటారు, పిచ్చుకలకి మాత్రం వద్దు, చేతి వణుకు కూడా పది రెట్లు కనపడతాది, చూపుకి అందే జాగా కూడా తగ్గుతాది, కంకుల మధ్య దూకే పిట్టని వెతికి పట్టేలోపు అది ఇంకో కంకి మీదుంటాది.

డిసెంబర్‌లో నేనూ మా బావా మిడ్తూరు దగ్గరే ఉండే రోళ్లపాడు పోయినాం. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన శాంక్చురీ అది, బట్టమేకని చూసే భాగ్యం నాకైతే దక్కలేదు. సాయంత్రం గడ్డిలో దిగే హ్యారియర్ గద్దల్ని పొద్దు వాలినాక కూడా రెక్క చివరి నలుపుతో సహా చూడగలిగినాం. పెద్ద అద్దం వల్ల ఇదీ లాభం.

తెల్లారి మళ్ళీ అదే జొన్నచేను. ఊరపిచ్చుకలు, వాటితో పాటు పసుపు పొట్ట బంటింగులు, అవీ పిచ్చుకల్లాగా గింజలు తినే చిన్న పిట్టలే. గంట సేపు ఒక్కో నెత్తీ చూసుకుంటూ పోయినా, "బావా, ఎడమ పక్క వంగిన కంకి" అన్నాడు మా బావ. నెత్తి ఇటుక రంగు, బుగ్గ తెలుపు, పక్కల మీద నల్ల గీతలు! మామూలు ఊరపిచ్చుక పోతుకి నడినెత్తి బూడిద రంగు, పక్కల గీతలు ఉండవు. ఇది స్పానిష్ స్పారోనే, మధ్య ఆసియా నుంచి చలికాలం రాజస్థాన్, పంజాబ్ వైపు గుంపులుగా దిగే పిట్ట, మన సీమలో కనపడడం అంటే మామూలు విషయం కాదు. చలికాలం ఈకల అంచులు తెల్లగా ఉండి నలుపు మసకబారతాది, మంచి అద్దం లేకుంటే ఆ గీతలు తెలిసేవి కావు.

చేను గలాయన వచ్చి "ఏం సూస్తాండారప్పా" అంటే చేతికిచ్చినా. చాన్సేపు చూసి "నెత్తి వేరేగా ఉండాదే దీనికి" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్ కెమెరా కంటి అద్దానికి ఆనించి తీసిన ఫోటో కొంచెం మసకే, గీతలు మాత్రం తెలుస్తాండాయి.

మెడ పట్టీ సన్నంగా ఉండి ఒరుసుకుంటాది, అందుకే ఒక స్టార్ తగ్గించినా. వెడల్పు పట్టీ వేయించుకుని జొన్న కోతలు కాకముందే ఇంకోసారి పోతాం.